మస్టర్ల లేని కులం

వర్గం పని జాగల పుడుతుందని సమాజశాస్త్రం చెప్తుంది. గోదావరిఖనిల పెరిగినోన్ని కాబట్టి ఆ మాటను నేను కాదనను. కానీ ఆ పని జాగకు ఎవడు ఏ తొవ్వన వచ్చిండు, వచ్చినంక ఎవని చేతికి తట్ట దొరికింది, ఎవని చేతికి పెన్ను దొరికింది? ఈ ప్రశ్న అడగకుండ వర్గం గురించి రాసిన పుస్తకం ఎంత గొప్పదైనా మా లెక్కన అది సగం పుస్తకమే. నేను చదివింది, పిల్లలకు చెప్పింది ఈ శాస్త్రమే. శ్రమ విభజన, కూలి మార్కెట్, వర్గ చైతన్యం – ఈ మాటలతోనే నా బతుకుదెరువు నడిచింది. అన్నం పెట్టిన శాస్త్రాన్ని లెక్క అడుగుడు తప్పు కాదు. అడగకపోవుడే తప్పు.

నేను మాదిగోన్ని. మా నాయిన కోల్ ఫిల్లర్. మంథని దిక్కు ఒక ఊర్లె దొర ఇంటికి వెట్టి చేసిన ఇల్లు మాది. చెప్పులు కుట్టుడు, మోట బొక్కెనకు తోలు కట్టుడు, సచ్చిన పశువును ఈడ్చుడు, డప్పు కొట్టి చాటింపు వేసుడు – ఇవన్నీ పనే, కానీ వీటికి కూలి అన్న పేరు లేదు. కల్లం కాడ అందరి వాటాలు పోయినంక చేటల పోసిన గింజలే మాకు. 1960ల మొదట్లో రామగుండం దగ్గర బాయిలు పడ్డయని విని నాయిన ఊరు విడిచి నడిచొచ్చిండు. అర్థశాస్త్రం దీన్ని వలస అంటది. కూలి ఎక్కువున్న దిక్కుకు శ్రమ కదులుతదని రాస్తది. నాయిన కూలి కోసం మాత్రమే కదల్లే. ఊర్లె ఆయన పేరు చివర 'గాడు' ఉండె. బాయి మీద మస్టర్ల అది లేదు. తండ్రి పేరు, ఊరు పేరు, ఒక నంబరు, ఒక హోదా – అంతే. ఆ కాగితం ఆయనకు మొదటి జీతం కంటె పెద్ద జీతం. ఈ జీతాన్ని కొలిచే సూత్రం ఏ కూలి మార్కెట్ సిద్ధాంతంలనూ నాకు దొరకలే.

సింగరేణి చరిత్ర అంటే తారీఖుల వరుస చెప్తరు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టిండు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీకి సింగరేణి పేరొచ్చింది. 1945లో నిజాం సర్కారు చేతికొచ్చింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వానిదైంది, కేంద్రానికీ అండ్ల వాటా ఉన్నది. ఈ వరుసల బొగ్గు ఉంటది, కంపెనీ ఉంటది, దొరలుంటరు. తట్ట, చెమ్మాస్ పట్టినోని కులం ఉండదు. మస్టర్ల ఎట్ల లేదో చరిత్రల కూడ గట్లనే లేదు. మస్టర్ల లేకపోవుడు మాకు విముక్తి. చరిత్రల లేకపోవుడు మాకు మాయం కావుడు. ఈ రెండూ ఒకటి కాదు. మా మేధావులు చాలామంది రెండింటినీ ఒకటే అనుకున్నరు.

బాయి దిగేటోల్లను చిన్నప్పటి నుంచి చూసిన. మా గల్లీల ఫిల్లర్లు, ట్రామర్లు, టింబర్ పని చేసేటోల్లు ఎక్కువ మంది మాల మాదిగలు, ఆ పక్కన గొల్ల, కుర్మ, మున్నూరు, పద్మశాలి ఇండ్ల నుంచి భూమి చాలక వచ్చినోల్లు. ఆఫీసు గుమాస్తాల క్వార్టర్ల దిక్కు పోతే ఇంటి పేర్లు మారేవి, మాట మారేది, వాకిట్ల తులసికోట కనపడేది. దీనికి ఎవడో ఒకడు గేటు కాడ నిలబడి కులం అడిగి పంపిండని నేను అనను. గేటు కాడ కులం అడగాల్సిన అక్కెరనే లేదు. పెన్ను చదువు నుంచి వచ్చింది. చదువు భూమి నుంచి వచ్చింది. భూమి కులం నుంచి వచ్చింది. ఊరు ముందే ఏరి, జల్లెడ పట్టి, ఎవన్ని ఏ పనికి పంపాల్నో పంపేసింది. మార్కెట్ అని మనం పిలిచేది ఆ జల్లెడ కిందికి దిగిన దాన్నే. సమాజశాస్త్రం జల్లెడను చూడలే, రాలినదాన్ని లెక్కబెట్టింది.

ఎందుకు చూడలే? శాస్త్రం తన పొలాన్ని రెండు చెక్కలు చేసుకున్నది కాబట్టి. ఎస్.సి. దూబే ఉస్మానియాల పనిచేస్తున్న రోజులల్ల తన బృందంతోని హైదరాబాద్ పక్క శామీర్‌పేటను చదివిండు. 1955లో అచ్చయిన ఆయన 'ఇండియన్ విలేజ్' మన దేశపు గ్రామ అధ్యయనాలకు దారి వేసిన పుస్తకాలల్ల ఒకటి. అండ్ల మాల, మాదిగలు ఉన్నరు. ఊరి కట్టుబాటుల ఎవని పని ఏందో ఉన్నది. కానీ ఆ రోజులల్లనే బెల్లంపల్లిల, కొత్తగూడెంల బొగ్గుబాయిలు నడుస్తున్నయి. ఊరి నుంచి బాయికి మనిషి నడిచిపోతుండు. ఊరిని కులశాస్త్రం పంచుకున్నది. బాయిని వర్గశాస్త్రం పంచుకున్నది. ఊర్లె కులంతో పుట్టి బాయిల వర్గంగ బతికిన మనిషి ఆ రెండు చెక్కల నడుమ గట్టు మీద నిలబడి ఉండిపోయిండు. మా నాయిన ఆ గట్టు మీది మనిషి.

నా పరిశోధన కాలంల ఈ గట్టు నాకు గట్టిగనే తగిలింది. బొగ్గుబాయి కార్మికుల కులం మీద రాస్తనంటే మా గైడు నవ్విండు. "కులం కావాల్నంటే ఊరికి పో. బాయి కావాల్నంటే వర్గం రాయి. రెండు పడవల కాళ్ళు పెట్టకు" అన్నడు. ఆయన చెడ్డోడు కాదు. ఆయన చదువుకున్న చదువు అంత మటుకే. యూనియన్ల తిరిగే ఒక అన్న ఇంకో తీరుగ చెప్పిండు. "తమ్మీ, నువ్వు కులం తెస్తే కార్మికులు చీలిపోతరు." "అన్నా, చీలిక నేను తేలే. ఉన్నదాన్ని చూసిన" అన్న. ఆ అన్న బిడ్డ పెండ్లి తన కులంలనే చేసిండు, నా పెండ్లి నా కులంలనే అయింది. పునాదా, ఉపరితలమా అని రాత్రంత కొట్లాడుకొని తెల్లారి ఎవని గల్లీకి వాడు పోయినం. మా వాదనకు జవాబు ఆ గల్లీలల్లనే ఉండె.

ఇట్ల తిరుగుతున్నప్పుడు నాకు ఎదురైన రచయిత మైకేల్ బురవోయ్. మన దగ్గర పోరగాండ్లకు ఆయన 1979 నాటి పుస్తకం, షికాగో దగ్గర ఒక కార్ఖానల మిషన్ ఆపరేటర్‌గ పనిచేసి రాసింది, పాఠంగ చెప్తరు. నాకు మాత్రం ఆయన మొదటి చిన్న పుస్తకం ఎక్కువ దగ్గర. 1964లో స్వతంత్రమైన జాంబియాకు ఆయన 1968లో పోయిండు. రాగి గనుల పరిశ్రమల సిబ్బంది వ్యవహారాలు చూసే ఆఫీసుల కొలువు చేసుకుంట లోపలి నుంచి చూసి, రాగి గనులల్ల వర్గానికున్న రంగేందో 1972లో రాసిండు. ఆయన చూసిన సంగతి ఇది. దేశం నల్లోల్లదైంది, కాబట్టి నల్లోన్ని పై పోస్టుకు ఎక్కించాలె. ఎక్కించిన్రు. కానీ ఆ పోస్టుల ఉన్న తెల్లోన్ని ఇంటికి పంపలే. దాని మీద ఇంకో పోస్టు పుట్టించి అండ్ల కూర్చోబెట్టిన్రు. నల్లోని కింద తెల్లోడు పనిచేయొద్దన్న కట్టుబాటు ఎట్లున్నది గట్లనే ఉన్నది. గీత చెరిగిపోలే, మీదికి జరిగింది.

ఈ సంగతి చదివినప్పుడు జాంబియా నాకు మంథని అంత దగ్గరైంది. మనకు రిజర్వేషన్ వచ్చినంక ప్రతి దఫ్తరుల, ప్రతి కాలేజీల ఈ జరిగే గీతను చూడొచ్చు. మనవాడు గుమాస్తా అయ్యేనాటికి గుమాస్తాకు విలువ పోతది. మనవాడు లెక్చరర్ అయ్యేనాటికి లెక్చరర్ పోస్టు కాంట్రాక్టు అయితది. మనకు మెట్టు అందేసరికి మేడ ఇంకో అంతస్తు లేస్తది. ఎవడూ మనల్ని ఆపినట్టు కనపడడు. అయినా మన మీద ఎప్పుడూ ఒక అంతస్తు ఉంటనే ఉంటది.

మరి గంత బాగ చూసిన మనిషితోని నా పేచీ ఏంది? షికాగో కార్ఖానల ఆయన అడిగిన ప్రశ్న గొప్పది. కార్మికులు ఎందుకు తక్కువ పనిచేస్తరు అని యజమాని అడుగుతడు. వాళ్ళు గింత ఎక్కువ ఎందుకు పనిచేస్తరు అని ఆయన అడిగిండు. టార్గెట్‌ను దాటుడు కార్మికులకు ఒక ఆటైతదని, ఆ ఆటలనే వాళ్ళ ఒప్పుకోలు తయారైతదని చూపిండు. కానీ బయటి నుంచి మనిషి మోసుకొచ్చే జాతి, వయసు లాంటివి మిషన్ ముందర పెద్దగ పనిచేయవని తేల్చిండు. ఇక్కడనే నేను ఆగిపోయిన. మిషన్ ముందర నిలబడినంక రంగు పనిచేయకపోవచ్చు. బాయి లోపల కూడ గంతే. నాయిన చెప్పేటోడు – "కింద నీళ్ళ క్యాన్ ఒక్కటే. మీద చాయ హోటల్ల గిలాసలు రెండు." కింద చీకట్ల కప్పు కూలితే ఏ కులపోడైనా ఇంకో కులపోని చెయ్యే పట్టుకోవాలె. 2003 జూన్‌లో గోదావరిఖని ఏడో ఎల్ఈపీ గనిల నీళ్ళు వచ్చి పడితే 17 మంది పోయిన్రు. నీళ్ళు కులం అడగలే. అది నిజం. కానీ ఆ లోతుకు, ఆ షిఫ్టుకు, ఆ పనికి మనుషుల్ని చేర్చిన తొవ్వ కులం అడగకుండ వేసింది కాదు. పని జాగల ఏం జరుగుతుందని మాత్రమే చూస్తే సమానత్వం కనపడ్తది. పని జాగకు వచ్చే తొవ్వ చూస్తే అసమానత్వం కనపడ్తది. గనిల రంగును చూసిన మనిషి కార్ఖానకు పోయేసరికి ఆ తొవ్వను పక్కకు పెట్టిండు.

ఆయనను గౌరవిస్తనే ఈ మాట అంటున్న. 2004లో అమెరికా సమాజశాస్త్ర సంఘం అధ్యక్షునిగ శాస్త్రం నాలుగు గోడలు దాటి ప్రజల ముందర నిలబడాలని అన్నడు. చివరి ఏండ్లల్ల నల్లజాతి మేధావి డుబోయ్‌ను ఈ శాస్త్రపు మూలపురుషులల్ల ఒకనిగ చదవాలని వాదించిండు. 2025 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంల చనిపోయిండు. గనిల రంగుతోని మొదలైన బతుకు షికాగో, హంగరీ కార్ఖానలు తిరిగి చివరికి డుబోయ్ దగ్గరికి వచ్చింది. కానీ 1946లోనే అంబేడ్కర్ డుబోయ్‌కు ఉత్తరం రాసిండు. అంటరానోల్ల బాధ, నల్లోల్ల బాధ ఒక దాన్ని ఒకటి గుర్తుపట్టినయి. వర్గశాస్త్రం అక్కడికి చేరడానికి ఎన్నో ఏండ్లు పట్టింది.

అంబేడ్కర్‌ను మనోల్లు రాజ్యాంగం దగ్గర, రిజర్వేషన్ దగ్గర ఆపేస్తరు. ఆయన 1942 నుంచి 1946 దాక వైస్రాయ్ కౌన్సిల్ల కార్మిక శాఖ చూసిండు. 1943 డిసెంబర్‌లో ధన్‌బాద్ పోయి బొగ్గుబాయి దిగి చూసిండు. బొగ్గుబాయి కార్మికుల సంక్షేమ నిధి ఆ కాలంలనే వచ్చింది. అంతకు ముందు 1936లో, లాహోర్ల చదవాల్సిన ఉపన్యాసాన్ని చదవనియ్యకపోతే అచ్చేసిండు. కులం పనిని పంచుడే కాదు, పనిచేసేటోల్లనే వేరు చేసి మెట్ల మీద నిలబెడ్తదని అండ్ల తేల్చిండు. కూలి మార్కెట్ మీద ఈ దేశంల ఎవరైనా రాయబోతే అదే మొదటి పాఠం కావాలె. నా ఎం.ఏ. సిలబస్‌ల అది లేదు. మార్క్స్ ఉండె, వెబర్ ఉండె, డర్క్‌హైమ్ ఉండె. పని గురించి ముగ్గురూ చెప్పిన్రు. అంబేడ్కర్ పేరు మాత్రం 'సంఘ సంస్కర్తలు' అన్న పాఠంల రెండు లైన్లల్ల దొరికింది.

కులం ఊర్ల మాట, పట్నంల మార్కెట్‌కు కులం కండ్లు ఉండవని అనేటోల్లకు ఒక లెక్క చెప్తే చాలు. అర్థశాస్త్రవేత్త సుఖదేవ్ థోరట్, సమాజశాస్త్రవేత్త పాల్ ఆటివెల్ కలిసి ఇంగ్లీషు పేపర్లల్ల వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపిన్రు. చదువు, అనుభవం ఒక్క తీరుగనే రాసిన్రు. పేర్లు మాత్రం కొన్ని అగ్రకులానివి, కొన్ని దళితులవి, కొన్ని ముస్లిములవి. దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల పేరుతోని పోలిస్తే మూడింట రెండు వంతులే అని తేలింది. ముస్లిం పేరుకు ఇంకా తక్కువ. 2007లో ఇది అచ్చయింది. అక్కడ మనిషి ముఖం లేదు, మాట లేదు, ఇల్లు లేదు. పేరొక్కటే ఉన్నది. పేరు చివర 'గాడు' తీసేస్తే సరిపోదని, పేరే జల్లెడైతదని ఆ లెక్క చెప్పింది.

ఇంత చెప్పినంక దళిత ఉద్యమంల ఉన్న తమ్ముండ్లకు, చెల్లెండ్లకు కూడ ఒక మాట చెప్పాలె. వర్గం అన్న మాటను కమ్యూనిస్టుల మాటని అవతల పడేసేటోల్లు మనల చాలామంది ఉన్నరు. అది మనకు నష్టం. మా ఇంటిని నిలబెట్టింది వర్గమే. ఒక్క గ్రేడుకు ఒక్క జీతం అని జాతీయ బొగ్గు వేతన ఒప్పందాలు రాసినయి. రెడ్డి ఫిల్లర్‌కు, మాదిగ ఫిల్లర్‌కు ఒకే టబ్బుకు ఒకే పైస. క్వార్టర్, దవాఖాన, పిల్లలకు బడి. 1981 నాటి పెద్ద సమ్మెల నాయిన పక్కన నడిచినోల్లు నాయిన కులపోల్లే కాదు. పర్మనెంట్ నౌకరి అన్న రెండు మాటలు మాకు ఇచ్చింది ఏ భూసంస్కరణా ఇయ్యలే. మాదిగోని ఇంట్ల నెల మొదట్ల జీతం రావుడు, ఆ జీతానికి దొర సంతకం అక్కెర లేకపోవుడు – ఇది కులం మీద వర్గం వేసిన దెబ్బ. అందుకే ఆ నౌకరిని ముక్కలు చేసుడు వర్గం మీద దెబ్బ మాత్రమే కాదు, అది కులం చేసే పని.

1990ల మొదట్లో సింగరేణిల లక్షకు పైగా మంది పర్మనెంట్ కార్మికులున్నరు. ఇప్పుడు నలభై వేల దగ్గరున్నరు. బొగ్గు తగ్గలే, పెరిగింది. మనుషులు తగ్గిన్రు. భూగర్భ గనుల జాగల ఓపెన్‌కాస్టులు వచ్చినయి, తట్ట చెమ్మాస్ జాగల మిషన్లు వచ్చినయి, మట్టి తీసే పని కాంట్రాక్టరుకు పోయింది. రామగుండం ఎరువుల కార్ఖాన 1999లో మూతబడి 2021లో ఇంకో కంపెనీ పేరుతోని తెరుచుకున్నది. ఈ కొత్త పనులల్ల డ్రైవర్లు, క్లీనర్లు, ఊడ్చేటోల్లు, తోటమాలీలు ఉన్నరు. మస్టర్ కాంట్రాక్టరు జేబుల ఉంటది. మట్టి తీసే కాంట్రాక్టరుకు రోస్టర్ పుస్తకం లేదు. 2022 సెప్టెంబర్‌లో కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేసింది జీతం కోసమే. కానీ జీతంతోని పాటు పోయిన ఇంకో వస్తువుంది. అది రిజర్వేషన్. చట్టం రద్దు కాలే, అది వర్తించే నౌకరి రద్దయింది. 1994లో మొదలైన దండోర ముప్పై ఏండ్లు కొట్లాడితే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణకు ఒప్పుకున్నది, 2025లో తెలంగాణల చట్టమైంది. వాటా లెక్క తేలింది, సంతోషం. కానీ లెక్క తేలేసరికి కల్లంల కుప్ప కరిగిపోతున్నది. కుప్ప గురించి కొట్లాడకుండ వాటా గురించే కొట్లాడితే మళ్ళ చేటల పోసిన గింజలే మిగుల్తయి.

మా దగ్గర నౌకర్లు కరుగుతున్న ఆ ఏండ్లల్లనే తెలుగునాట ఇంకో కూలి మార్కెట్ పెరిగింది. చైనాల పుట్టిన పరిశోధకుడు షియాంగ్ బియావ్ తెలుగు సాఫ్ట్‌వేర్ పోరగాండ్ల వెంట హైదరాబాద్, సిడ్నీ తిరిగి 2007లో పుస్తకం వేసిండు. మనుషుల్ని కంపెనీలకు కిరాయికి పంపే ఏజెంట్ల సంగతి అది. పొలం మీది మిగులు, కట్నం పైసలు, కులం చుట్టరికాలు – ఇవన్నీ కలిసి ఆ మార్కెట్‌ను నడిపినయని అండ్ల చూస్తం. ప్రపంచం మెచ్చిన 'ప్రతిభ' వెనుక ఎవని మామ ఇచ్చిన ఎన్ని ఎకరాలున్నయో తెలుస్తది. నేను ఈ పుస్తకాన్ని రెండుసార్లు చదివిన. అండ్ల మా గల్లీ లేదు. లేకపోవుడే దాని సాక్ష్యం. మా మామల దగ్గర అమ్మడానికి పొలం లేదు.

వారసత్వ ఉద్యోగాల సంగతి కూడ ఇండ్లదే. 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఉద్యోగంల అందరికీ సమాన అవకాశం ఉండాలన్నది. రాజ్యాంగం ప్రకారం ఆ మాటను నేను తీసెయ్యను. తర్వాత కారుణ్య నియామకాల పేరుతోని, మెడికల్ అన్‌ఫిట్ అయినోల్ల పిల్లలకు తొవ్వ తెరిచిన్రు. కానీ సమానత్వం మా ఇంటి కాడికి వచ్చినప్పుడే గింత ఖచ్చితంగ ఎందుకు మాట్లాడ్తది? పొలానికి వారసత్వమున్నది, మిల్లుకు వారసత్వమున్నది. తట్టకు మాత్రం వారసత్వం తప్పు. ఇంకో దిక్కు మనల్ని మనం కూడ అడుగాలె. మా గల్లీల నాయిన నౌకరి కొడుక్కు పోయింది, కొడుకు లేకుంటే అల్లునికి పోయింది. బిడ్డకు పోంగ నేను చూడలే. బొగ్గు మసి బట్టలు ముప్పై ఏండ్లు ఉతికిన అవ్వల పని ఏ మస్టర్ల ఎక్కింది? బాయిల కులాన్ని చూడని శాస్త్రాన్ని తిట్టేటోల్లం ఇంట్ల ఆడదాని పనిని చూడకపోతే మన శాస్త్రం కూడ సగమే.

ఇప్పుడు లెక్కలు వస్తున్నయి. తెలంగాణల ఇంటింటి కులసర్వే 2024లో అయింది. దేశమంతట 2027 జనగణనల కులం అడుగుతమని కేంద్రం చెప్పింది. తలలు లెక్కబెడితే సరిపోదు. పెద్దపల్లి జిల్లాల సోషియాలజీ, ఎకనామిక్స్ చదివే పిల్లలారా, థీసిస్ కోసం ఇంగ్లండు పుస్తకాల ప్రశ్నలు తెచ్చుకోకండి. ఓపెన్‌కాస్టు గేటు కాడ షిఫ్టు మారే టైముకు నిలబడండి. మట్టి లారీ ఎవడు నడుపుతుండు, లారీ ఎవనిది, కాంట్రాక్టు ఎవనిది? గని కింద పోయిన ఊర్లె భూమి ఎవనిది, పరిహారం ఎవనికొచ్చింది, గుడిసె మాత్రమే ఉన్నోడు ఎక్కడికి పోయిండు? ఆఫీసు ఊడ్చే అవ్వకు నెలకు ఎంత, అండ్ల కాంట్రాక్టరు ఎంత పట్టుకుంటుండు? ప్రతి జవాబు పక్కన కులం రాయండి. ఆ తర్వాతనే దాన్ని వర్గం అనండి. అట్ల రాసిన వర్గంల మేం కూడ ఉంటం.